వాడని కార్డుకు ₹38,472 బాకీ: లెక్కల సారు కేసు, మొదటి ఫోన్ నుంచి చివరి కాగితం దాకా

2023 నవంబర్ 15న హనుమకొండలో మా ఆఫీసు తలుపు తీసేసరికి ఒక పెద్దాయన, ఆయన కొడుకు మెట్ల మీద నిలబడి ఉన్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాలనీలో అందరూ లెక్కల సారు అంటారు, ఇక్కడ నేనూ అలాగే రాస్తాను (ఆయన సరే అన్నాకే రాస్తున్నాను, బ్యాంకు పేరు మాత్రం రాయను). చేతిసంచిలోంచి ఒక పాత కవరు తీసి టేబుల్ మీద పెట్టారు. అందులో క్రెడిట్ కార్డు. ఆరేళ్ల కిందటిది, కానీ బ్యాంకు పంపిన మందపాటి కాగితానికి గమ్‌తో ఇంకా అంటుకునే ఉంది, వాడే ముందు ఫలానా నంబరుకు ఫోన్ చేసి యాక్టివేట్ చేసుకోమని చెప్పే స్టిక్కర్ కూడా ఊడలేదు. "ఈ కార్డుకే నేను ముప్పై ఎనిమిది వేలు బాకీ ఉన్నానట, వకీల్ సాబ్" అన్నారు.

కథ 2017 నవంబర్‌లో మొదలైంది. బట్టల షాపింగ్ మాల్ ముందు టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు లైఫ్‌టైమ్ ఫ్రీ అని చెప్పి ఫారం నింపించుకున్నాడు, సారు సంతకం పెట్టారు. కార్డు వచ్చింది, బీరువాలోకి వెళ్లింది. ఫారంలో చిన్న అక్షరాల్లో ఉన్నదేమో మొదటి ఏడాది మాత్రమే ఫ్రీ అని. 2018 డిసెంబర్, 2019 డిసెంబర్, 2020 డిసెంబర్... మూడుసార్లు వార్షిక ఫీజు ₹499 చొప్పున పడింది, జీఎస్టీతో కలిపి మూడింటికీ అయింది ₹1,766. మిగతా ₹36,706 అంతా లేట్ ఫీజు, వడ్డీ, మళ్లీ వాటి మీద జీఎస్టీ. కార్డు మీద ఒక్క రూపాయి కొన్నది లేదు.

2023 నవంబర్ 2న, బ్యాంకు తరఫున బాకీలు వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున 7:10కి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. మధ్యలో ఎన్నో. ఫారంలో రిఫరెన్స్‌గా రాసిన పాత తోటి టీచరుకు ఫోన్ చేసి మీ ఫ్రెండ్ బ్యాంకును మోసం చేసి తిరుగుతున్నాడు అని చెప్పారు. ముప్పై ఏళ్లు బడిలో పరువుగా బతికిన మనిషికి ఆ ఒక్క ఫోన్ చాలు, ఆ రాత్రి సారు అన్నం తినలేదని కొడుకు చెప్పాడు. టెన్షన్ తట్టుకోలేక 10వ తేదీన ఆ అబ్బాయే తండ్రికి చెప్పకుండా ఏజెంట్ పంపిన లింక్‌లో ₹2,000 కట్టేశాడు. దాంతో ఫోన్లు తగ్గుతాయనుకున్నాడు గానీ రెట్టింపయ్యాయి. 14వ తేదీ రాత్రి 7:40కి ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చారు. అమ్మగారు అలవాటు కొద్దీ మంచినీళ్లు ఇస్తే తాగి, గేటు దగ్గర నిలబడి పక్కింటికి వినపడేలా అరిచి వెళ్లారు. ఐడీ కార్డు లేదు, బ్యాంకు ఇచ్చిన కాగితమూ లేదు.

నేను వినియోగదారుల కేసులు చూస్తాను కాబట్టి ఇలాంటివి నెలకు రెండు మూడు వస్తాయి, ప్రతిసారీ మొదట చెప్పేది ఒకటే. ఫోన్లో వాదించకండి. ఫోన్లో వాళ్లదే పైచేయి, ఎందుకంటే అక్కడ ఎవరు ఏమన్నా మిగలదు, గొంతు పెద్దదైనవాడే గెలుస్తాడు. మొత్తం గొడవను కాగితం మీదికి లాగాలి. కాగితం మీద వాళ్లు బాకీ ఎలా వచ్చిందో చూపించాలి, పేరు రాయాలి, సంతకం పెట్టాలి, రాసిన దానికి రేపు జవాబు చెప్పాలి. ఫోన్ వస్తే మూడే ప్రశ్నలు అడగమన్నాను: మీ పేరేంటి, ఏ ఏజెన్సీ, బ్యాంకు మీకిచ్చిన ఆథరైజేషన్ లెటర్ ఎక్కడ? ఆ తర్వాత "బాకీ నేను ఒప్పుకోవడం లేదు, ఏదున్నా రాసి పంపండి" అని పెట్టేయాలి.

ఇంకోటి కూడా చెప్పాను, ప్రతి ఫోన్‌నూ రాసి పెట్టమని. సారు రెండొందల పేజీల నోట్‌బుక్ కొని ఎర్ర పెన్నుతో గీతలు గీసి తేదీ, సమయం, నంబరు, చెప్పిన పేరు, అన్న మాట అని ఐదు గడులు చేశారు. ఫోన్ కాల్ లిస్టులోంచి పాతవి కూడా ఎక్కించారు. నవంబర్ 2 నుంచి 15 వరకు 63 ఫోన్లు, అందులో 21 రాత్రి ఏడు దాటాక గానీ పొద్దున ఎనిమిది లోపు గానీ వచ్చినవి. రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బాకీ వసూలుకు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువులనూ స్నేహితులనూ రిఫరెన్స్ ఇచ్చినవాళ్లనూ వేధించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. ఏజెంట్ చేసిన తప్పుకు బ్యాంకే బాధ్యత వహించాలి. "చాలాసార్లు ఫోన్ చేశారండీ" అంటే ఎవరూ పట్టించుకోరు. అదే 21 గడులున్న పేజీ ముందు పెడితే బ్యాంకు వకీలు కూడా చదవక తప్పదు. పక్కింటి వాళ్ల సీసీటీవీలో 7:40 అని సమయంతో సహా బండి కనపడింది, ఆ క్లిప్ కూడా అదే రోజు తీసుకున్నాం, ఎందుకంటే చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోతుంది.

ఆ ₹2,000 సంగతి కొంచెం వివరంగా రాస్తాను, నా అనుభవంలో ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. "సార్, ఐదొందలైనా కొట్టండి, ఫైల్ హోల్డ్‌లో పెడతా" అని ఏజెంట్ బతిమాలుతున్నట్టు మాట్లాడతాడు. ఇలాంటి బాకీకి కోర్టుకు వెళ్లడానికి బ్యాంకుకు మూడేళ్ల గడువు ఉంటుంది. గడువు లోపల కొంత కట్టి, కట్టినట్టు సంతకంతో కాగితం ఇస్తే లిమిటేషన్ చట్టం (కేసు వేయడానికి గడువు పెట్టే చట్టం) 19వ సెక్షన్ కింద ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి, బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే 18వ సెక్షన్ కింద అంతే. గడువు దాటిపోయాక కూడా "కడతాను" అని రాసి సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం 25(3) ప్రకారం అది కొత్త ఒప్పందమైపోతుంది. సారు కేసులో మొదటి ఫీజు గడువు తేదీ 2018 డిసెంబర్ 5. మామూలుగా అయితే 2021 డిసెంబర్‌కే మూడేళ్లు నిండాలి, కానీ కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, నా లెక్కలో ఆ మొదటి ఫీజుకు గడువు సరిగ్గా 2023 నవంబర్ మూడో వారంలో ముగుస్తుంది. సారు కూడా వేళ్ల మీద లెక్కేసి అదే తేదీకి వచ్చారు. ఐదేళ్లు ఊరుకున్నవాళ్లు నవంబర్‌లోనే ఎందుకు ఎగబడ్డారో ఏజెంట్‌కు తెలుసో లేదో చెప్పలేను గానీ, ఆ వారం వాళ్లు అడిగింది డబ్బు కన్నా ఎక్కువగా "కడతానని వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి" అని. సారు పెట్టలేదు, అదృష్టం. కట్టింది కొడుకు, తండ్రి చెప్పి కట్టించింది కాదు, ఏ కాగితమూ సంతకమూ లేదు కాబట్టి చట్టం ప్రకారం అది ఒప్పుకోలు కాదని మా వాదన. అయినా మిగతా రెండు ఫీజుల గడువు ఇంకా ఉంది కాబట్టి కేసును లిమిటేషన్ మీద నిలబెట్టలేదు.

ఇక నేను చేసిన పొరపాటు. 16వ తేదీన ఆవేశంగా ఏజెన్సీ పేరు మీద లీగల్ నోటీసు పంపాను. వాళ్ల దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏజెన్సీ మనకు జవాబు చెప్పాల్సిన మనిషి కాదు, జవాబు చెప్పాల్సింది బ్యాంకు. పైగా రేపు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అధికారి) దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఉండాలి, బ్యాంకు కాదన్నా సరే, 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా సరే, అప్పుడే వెళ్లగలం. వకీలు నోటీసు ఏజెన్సీకి పంపితే ఆ 30 రోజులు మొదలే కావు. అందుకే 20వ తేదీన సారు చేతే, సారు పేరు మీదే, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకు ఈమెయిల్, దాంతోపాటు రిజిస్టర్డ్ పోస్ట్ పంపించాం. ఫిర్యాదు నంబరు వచ్చేదాకా వదల్లేదు.

ఆ లెటర్ ఒక్క పేజీ. మొదటి వాక్యమే "ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు". తర్వాత కావాల్సినవి అడిగాం: సంతకం చేసిన ఫారం కాపీ, కార్డు యాక్టివేట్ అయినట్టు రికార్డు, మొదటి నుంచి అన్ని స్టేట్‌మెంట్లు, అవి ఏ అడ్రసుకు వెళ్లాయో, డిఫాల్టర్‌గా రిపోర్ట్ చేసే ముందు ఇచ్చిన నోటీసు, ఏజెన్సీ పేరు. చివర్లో రిజర్వ్ బ్యాంకు 2008 ఏప్రిల్ 24 నాటి రికవరీ ఏజెంట్ల మార్గదర్శకాలు గుర్తు చేశాం. ఖాతాదారు ఫిర్యాదు పెండింగ్‌లో ఉంటే అది తేలేదాకా కేసును రికవరీ ఏజెన్సీకి అప్పగించకూడదని అందులో ఉంది, ఊరికే పదేపదే ఫిర్యాదులు చేసేవాళ్లని బ్యాంకు రుజువుతో చూపిస్తే తప్ప. నాకు తెలిసి వివాదంలో ఉన్న బాకీకి ఇంతకన్నా పనికొచ్చే లైను లేదు, కానీ వాడుకునేవాళ్లు చాలా తక్కువ. ఎందుకంటే రాతపూర్వక ఫిర్యాదు ఉంటేనే అది పనిచేస్తుంది, మనవాళ్లేమో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అరిచి ఊరుకుంటారు.

22వ తేదీన వాట్సాప్‌లో ఒక నోటీసు వచ్చింది. పైన త్రాసు బొమ్మ, లోక్ అదాలత్ అని పెద్దక్షరాలు, కింద హాజరు కాకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ అని ఎర్ర రంగులో. అమ్మగారు అది చూసి ఏడ్చేశారట. ప్రీ-లిటిగేషన్ లోక్ అదాలత్ (కేసు కోర్టుకు వెళ్లకముందే రాజీ కుదిర్చే చోటు) నిజంగానే ఉంటుంది, బ్యాంకులు పెట్టించే నిజమైన నోటీసులూ ఉంటాయి, కానీ అది రాజీ కోసం పిలవడం మాత్రమే. వెళ్లకపోతే అరెస్టు లేదు, మన ఒప్పుకోలు లేకుండా అక్కడ ఏదీ తేల్చరు. అయితే అక్కడ రాజీకి సంతకం పెడితే మాత్రం అది కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, అప్పీలు ఉండదు. నేను సారును తీసుకుని కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లి ఆ నంబరు చూపించాను. వాళ్లు రిజిస్టర్ చూసి ఇలాంటి కేసు మా దగ్గర లేదన్నారు. పది నిమిషాల పని, ఆ తర్వాత సారు ముఖంలో రంగు మారింది.

ఆ నకిలీ నోటీసు, గేటు దగ్గరి గొడవ కలిపి పోలీస్ స్టేషన్లో పిటిషన్ ఇచ్చాం. మొదట "బ్యాంకు మ్యాటర్ కదా, సివిల్" అన్నారు. బాకీ సివిలే, మేమూ ఆ సంగతి మాట్లాడటం లేదు, బెదిరింపు మాత్రం ఐపీసీ 506 అని (2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, బీఎన్‌ఎస్ 351) నోట్‌బుక్ పేజీలు చూపించి రశీదు అడిగితే ఇచ్చారు. ఎఫ్ఐఆర్ కాలేదు. ఎస్ఐ గారు ఏజెంట్‌కు ఒక్క ఫోన్ చేశారు, ఇంటికి రావడం ఆగింది. ఫోన్లు మాత్రం ఆగలేదు.

డిసెంబర్ 12న బ్యాంకు జవాబు వచ్చింది. రికార్డుల ప్రకారం బాకీ సరైనదే, పైగా కస్టమర్ ₹2,000 కట్టారు కాబట్టి ఒప్పుకున్నట్టే అని. అనుకున్నదే. కానీ దాంతోపాటు ఫారం, స్టేట్‌మెంట్లు పంపారు, అవి చదివితే అసలు సంగతి బయటపడింది. ఫారంలో ఉన్న ఈమెయిల్ సారుది కాదు, ఎవరిదో. స్టేట్‌మెంట్లన్నీ కాజీపేటలోని పాత అద్దింటికి వెళ్లాయి. 2018లో సారు సొంతింటికి మారారు. ఒక్క స్టేట్‌మెంట్లోనూ ఒక్క కొనుగోలూ లేదు. యాక్టివేషన్ రికార్డు అడిగితే ఆ ఊసే ఎత్తలేదు.

మా వైపు బలహీనతలు కూడా రాయాలి. ఫారం మీద సంతకం సారుదే, అడ్రసు మారిన సంగతి బ్యాంకుకు చెప్పలేదు, ఫోన్ నంబరు మారలేదు కాబట్టి ఎస్ఎంఎస్‌లు వచ్చాయి, ప్రకటనలనుకుని సారు తెరవలేదు. బ్యాంకు బలం అక్కడే ఉంది. ఇది ఆయనకు ముందే చెప్పాను, ఎందుకంటే మన తప్పులు మనకు తెలియకుండా వాదనకు వెళ్తే అవతలివాళ్లు తీసినప్పుడు నోరు పెగలదు. మా బలం వేరే చోట ఉంది. 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన క్రెడిట్ కార్డుల నిబంధనల ప్రకారం ఏడాదికి పైగా వాడని కార్డును ఖాతాదారుకు తెలియజేసి మూసే పని బ్యాంకే మొదలుపెట్టాలి, డిఫాల్టర్‌గా రిపోర్ట్ చేసే ముందు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి, వివాదం ఉంటే అది తేలాకే ఆ సమాచారం బయటికి ఇవ్వాలి. యాక్టివేట్ కాని కొత్త కార్డు వివరాలు క్రెడిట్ బ్యూరోలకు (ఎవరి అప్పులు ఎలా ఉన్నాయో రికార్డు పెట్టే సంస్థలకు) పంపనే కూడదు. కార్డు పాతదే అయినా 2022 తర్వాత కూడా బ్యాంకు దాన్ని మూయకుండా వడ్డీ వేస్తూనే ఉంది, అదీ మా వాదన.

డిసెంబర్ 18న అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు. 2021 నవంబర్ 12న వచ్చిన సమగ్ర అంబుడ్స్‌మన్ స్కీమ్ కింద ఫీజు లేదు, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్లో పెట్టొచ్చు, కాగితం మీద పంపాలంటే చండీగఢ్‌లోని కేంద్రానికి పంపొచ్చు, సందేహాలకు 14448 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఇక్కడ మా వకీళ్లు చాలామందికి తెలియనిది ఒకటుంది: ఈ స్కీమ్‌లో ఖాతాదారు తరఫున వకీలు ఫిర్యాదు వేయడానికి లేదు. అందుకే సారే కూర్చుని టైపు చేశారు, నేను పక్కన ఉన్నాను. బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాక కూడా వచ్చిన 17 ఫోన్ల పేజీ, స్టిక్కర్ ఊడని కార్డు ఫొటో, సీసీటీవీ ఫొటో, నకిలీ నోటీసు జతచేశాం. కార్డును కాగితం నుంచి ఊడదీయకుండా అలాగే ఫొటో తీయించాను. ఆ ఒక్క ఫొటో మా రెండు పేజీల వాదన కన్నా బాగా పనిచేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

2024 మార్చిలో బ్యాంకు దిగొచ్చింది. మొదట ₹4,000కు సెటిల్ చేసుకుందాం అన్నారు. కొడుకు వెంటనే సరే అనబోయాడు, పీడ వదిలిపోతుంది కదా అని. నేను వద్దన్నాను. సెటిల్‌మెంట్ అంటే ఉన్న బాకీలో కొంత తగ్గించారని అర్థం, క్రెడిట్ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్తే మేనేజర్ మొదట చూసేది ఆ మాటనే. మాకు కావాల్సింది ఛార్జీలు తప్పు, వెనక్కి తీసుకున్నాం, బాకీ ఏమీ లేదు అన్న లెటర్. ఏప్రిల్ 19న రాజీ అలాగే కుదిరింది: ఛార్జీలన్నీ రద్దు, కొడుకు కట్టిన ₹2,000 వాపసు, వేధింపుకు ₹5,000. డబ్బు కన్నా సారు ఆ లెటర్లో "చింతిస్తున్నాము" అన్న మాట రెండుసార్లు చదువుకున్నారు. తోటి టీచరుకు ఒక కాపీ ఇచ్చి వచ్చారు కూడా.

అయినా పని అయిపోలేదు. మే 6న క్రెడిట్ రిపోర్టు తీస్తే (ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితం) ఇంకా రిటన్ ఆఫ్ (వసూలు కాదని బ్యాంకు వదిలేసిన బాకీ) అనే ఉంది. అదే రోజు లెటర్ జతచేసి సరిదిద్దమని ఫిర్యాదు పెట్టాం. 2024 ఏప్రిల్ 26 నుంచి ఒక మంచి నిబంధన వచ్చింది, ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలి. మాది 41వ రోజు సరైంది, సారు ఖాతాలో ₹1,100 పడ్డాయి. ఆయన ఆ లెక్క కూడా నోట్‌బుక్‌లో చివరి పేజీలో రాసుకున్నారు.

ఇది చదివి ప్రతి బాకీకీ ఇదే దారి అనుకోవద్దు. నిజంగా వాడుకున్న డబ్బైతే ఒప్పుకుని, ఎంత కట్టగలరో రాసి బ్యాంకుతోనే మాట్లాడుకోవడం మేలు, వేధింపు మీద ఫిర్యాదు అప్పుడు కూడా చేసుకోవచ్చు. చెక్కులు ఇచ్చి ఉంటే, బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా కట్ అయ్యే మాండేట్ బౌన్స్ అయితే అవి క్రిమినల్ కేసులు కాగలవు, అక్కడ ఇది సివిల్ అని ధీమాగా ఉండకూడదు. కోర్టు నుంచి నిజమైన సమన్లు వస్తే మాత్రం బాకీ ఎంత అన్యాయమైనదైనా ఆ తేదీన వెళ్లాలి, వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన వాదన వినకుండానే తీర్పు వస్తుంది. అలా ₹20,000 వివాదం జీతం జప్తు దాకా వెళ్లిన ఫైల్ మా ఆఫీసులో ఇప్పుడు కూడా ఉంది.

ఆగస్టులో ఇంకో ఏజెన్సీ నుంచి సారుకు ఫోన్ వచ్చింది, అదే కార్డు, ఈసారి ₹41,000 పైచిలుకు. పాత లిస్టు ఎవరి దగ్గరో మిగిలిపోయి ఉంటుంది. సారు నాకు ఫోన్ చేయలేదు. మీ పేరేంటి, ఏ ఏజెన్సీ, ఆథరైజేషన్ లెటర్ ఎక్కడ అని అడిగి, బ్యాంకు ఇచ్చిన లెటర్ ఫొటో పంపి, ఆ అబ్బాయి సారీ చెప్పేదాకా లైన్లో ఉండి, నోట్‌బుక్‌లో ఐదు గడులూ నింపాక సాయంత్రం తీరిగ్గా నాకు చెప్పారు.